అరీనాకి ఒక తేదీ, ఇళ్లకి ఒక తేదీ

బ్రూక్లిన్‌లో ఫ్లాట్‌బుష్, అట్లాంటిక్ అవెన్యూలు కలిసే కూడలి దగ్గర స్టేడియం కట్టాలని 1950లలో వాల్టర్ ఓమాలీ చాలా తంటాలు పడ్డాడు. ఆయన బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు యజమాని. స్టేడియం సొంత డబ్బుతోనే కట్టుకుంటానన్నాడు. ఆయనకి కావలసిందల్లా భూమి. పదిమంది చేతుల్లో ముక్కలుగా ఉన్న స్థలాన్ని ప్రభుత్వం సేకరించి ఒక్కటిగా ఇస్తే కొనుక్కుంటానన్నాడు. ఆ రోజుల్లో న్యూయార్క్ నిర్మాణాలన్నిటినీ గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ కుదరదన్నాడు. ప్రైవేటు జట్టుకి భూమి సేకరించి పెట్టడం ప్రజా ప్రయోజనం కిందికి రాదని ఆయన వాదన. 1957 సీజన్ అయ్యాక డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయారు. పేదల ఇళ్ల మీదుగా హైవేలు వేయించిన మోజెస్‌ని ప్రజల మనిషి అని ఎవరూ అనరు. అలాంటివాడికి కూడా ఇది మరీ ఎక్కువ అనిపించిందన్నమాట.

2003 డిసెంబర్ 10న అదే కూడలి పక్కన మళ్ళీ ఒక క్రీడా ప్రాంగణం ప్రకటించారు. ఈసారి మేయర్ బ్లూంబర్గ్, గవర్నర్ పటాకీ ఇద్దరూ డెవలపర్ బ్రూస్ రాట్నర్ వైపే ఉన్నారు. 22 ఎకరాలు, బాస్కెట్‌బాల్ అరీనా, చుట్టూ ఆకాశహర్మ్యాలు. డిజైన్ ఫ్రాంక్ గేరీది. పేరు అట్లాంటిక్ యార్డ్స్. 2006 చివర్లో అనుమతులు వచ్చేసరికి లెక్క తేలింది: 16 టవర్లు, 6,430 అపార్ట్‌మెంట్లు, వాటిలో 2,250 తక్కువ అద్దెవి, మొత్తం ఖర్చు 400 కోట్ల డాలర్లు, పదేళ్లలో పూర్తి. ఆడడానికి జట్టు లేకపోతే ఎలా? రాట్నర్ 2004లో న్యూజెర్సీ నెట్స్‌ని 30 కోట్ల డాలర్లకి కొనేశాడు.

నాకీ కథ బాటిల్ ఫర్ బ్రూక్లిన్ అనే 2011 నాటి డాక్యుమెంటరీ వల్ల తెలిసింది. ఇల్లు వదలనన్న ఒక మనిషి చుట్టూ తిరిగే సినిమా అది, మంచి సినిమా. కానీ చూశాక కూడా డబ్బు సంగతి నాకు సరిగా అర్థం కాలేదు. ఎవరు ఎంత ఇచ్చారు, ఏ పేరుతో ఇచ్చారు? సినిమాకి అది ముడిసరుకు కాదు, నిజమే. వృత్తిరీత్యా లాగ్ ఫైళ్లు చదివే నాలాంటివాడికి మాత్రం అసలు కథ అక్కడే ఉందనిపించింది.

పైకి కనబడే సాయం చిన్నదే. 2005లో రాష్ట్రం 10 కోట్ల డాలర్లు, నగరం 10 కోట్లు ఇస్తామన్నాయి. తర్వాత నగరం ఇంకో 10.5 కోట్లు కలిపింది. 400 కోట్ల ప్రాజెక్టులో ఇది ఏపాటి? చర్చలన్నీ ఈ అంకె చుట్టూనే తిరిగాయి. తిరగాల్సింది మిగతా అంకెల చుట్టూ.

మొదటిది రైలు యార్డు. 22 ఎకరాల్లో 8 ఎకరాలకు పైగా వాండర్‌బిల్ట్ యార్డు, అంటే రవాణా సంస్థ ఎంటీఏ ఆస్తి. ప్రాజెక్టు ప్రకటించిన ఏడాదిన్నరకి, 2005లో, ఎంటీఏ దానికి బిడ్లు పిలిచింది. పెళ్లి ముహూర్తం పెట్టాక సంబంధాలు చూడటం లాంటిది. ఎంటీఏ సొంతంగా వేయించిన విలువ 21.45 కోట్ల డాలర్లు. ఎక్స్‌టెల్ అనే మరో కంపెనీ 15 కోట్ల నగదు ఇస్తానంది. రాట్నర్ కంపెనీ ఇస్తానన్నది 5 కోట్లు. ఎంటీఏ రాట్నర్‌తోనే విడిగా మాట్లాడుకుని, 10 కోట్లకి పెంచి, ఆయనకే ఇచ్చింది. తక్కువ ధరే అయినా యార్డు మెరుగుదల లాంటి వేరే లాభాలున్నాయని ఎంటీఏ సమర్థించుకుంది. సరే అనుకుందాం. 2009 జూన్‌లో ఆ 10 కోట్లు కూడా ఒక్కసారి కట్టక్కర్లేదని తేల్చారు. ముందు 2 కోట్లు, మిగతాది 22 ఏళ్ల వాయిదాల్లో. అదే నెలలో గేరీని కూడా పక్కనపెట్టారు.

2009లో అంత హడావుడి ఎందుకు? ఇక్కడే బాండ్ల కథ వస్తుంది.

అమెరికాలో స్థానిక ప్రభుత్వాల బాండ్ల మీద వచ్చే వడ్డీకి ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. అందుకే అవి తక్కువ వడ్డీకి అమ్ముడుపోతాయి. ఆ తేడా భరించేది దేశమంతటా పన్ను కట్టేవాళ్లు. ప్రైవేటు స్టేడియంలకి ఈ సౌకర్యం దక్కకూడదని 1986 పన్నుల చట్టం ఒక నియమం పెట్టింది: వాడేది ప్రైవేటు సంస్థ, అప్పు తీరేది స్టేడియం ఆదాయంతో అయితే, మినహాయింపు లేదు. 2006లో యాంకీస్, మెట్స్ బేస్‌బాల్ స్టేడియంల కోసం దీనికి ఒక దారి దొరికింది. స్టేడియం స్థలం పేరుకి ప్రభుత్వ సంస్థది, కాబట్టి ఆస్తి పన్ను లేదు. పన్ను లేదు కాబట్టి జట్టు 'పన్నుకి బదులు చెల్లింపు' కడుతుంది. ఆ బదులు చెల్లింపు పన్నులాంటిదే కాబట్టి దానితో తీరే బాండ్లకి మినహాయింపు దొరుకుతుంది. ఆ డబ్బు మాత్రం నగర ఖజానాకి వెళ్లదు, తిన్నగా బాండ్లు కొన్నవాళ్లకి వెళుతుంది. అంటే కుడిచేత్తో పన్ను కడుతున్నట్టు కనబడుతూ ఎడమచేత్తో తన అప్పు తానే తీర్చుకోవడం. ఇంత ముచ్చటైన కోడ్ ఈమధ్య నేను చదవలేదు.

ట్రెజరీ శాఖ 2008 అక్టోబర్‌లో ఈ కన్నం పూడ్చింది. అప్పటికే దారిలో ఉన్న ప్రాజెక్టులకి మాత్రం 2009 డిసెంబర్ 31 దాకా గడువిచ్చింది. అదీ హడావుడి. ఆ తేదీ దాటితే అరీనాకి చవక అప్పు లేదు. కాబట్టి ఆ ఏడాది అన్నీ ఆ తేదీ ముందు వంగాయి: ఎంటీఏ వాయిదాలు ఒప్పుకుంది, డిజైన్ చవకైంది. ఇళ్ల సేకరణ చెల్లుతుందని రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నవంబర్ 24న 6-1 తీర్పిచ్చింది. ఆ ప్రాంతం నిజంగా పాడుబడిందా లేదా అన్నది తేల్చాల్సింది ప్రభుత్వ సంస్థే, మేం కాదు అన్నారు న్యాయమూర్తులు. డిసెంబర్ నడిమికి 51.1 కోట్ల డాలర్ల బాండ్లు అమ్ముడుపోయాయి. అరీనా వల్ల ముప్పై ఏళ్లలో నగరానికి దాదాపు 4 కోట్ల డాలర్ల నష్టమని నగరపు స్వతంత్ర బడ్జెట్ కార్యాలయం సెప్టెంబర్‌లోనే చెప్పింది. ఎవరూ ఆగలేదు.

మిగతావి తొందరగా చెప్తాను. అరీనాకి పేరు పెట్టే హక్కు రాట్నర్ కంపెనీకే పోయింది, బార్‌క్లేస్ బ్యాంకు కొనుక్కుంది. జట్టులో 80 శాతం, అరీనాలో 45 శాతం రష్యన్ కుబేరుడు ప్రోఖరోవ్‌కి అమ్మారు. చైనాలో ఈబీ-5 వీసాలు చూపించి 22.8 కోట్ల డాలర్ల చవక అప్పు తెచ్చారు. గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్న మనవాళ్లు ఈబీ-5 గురించి మాట్లాడుకోవడం మీరూ వినే ఉంటారు: అప్పట్లో ఐదు లక్షల డాలర్లు పెడితే వీసా, పదిమందికి ఉద్యోగం కల్పించాలని షరతు. ఆ ఐదు లక్షల రేటు నిరుద్యోగం బాగా ఎక్కువున్న చోట పెట్టుబడికి ఉండేది. అందుకని అరీనా పక్కనున్న సంపన్న వీధుల్ని వదిలేసి, దూరంగా ఉన్న పేద వాడల్ని కలుపుతూ ఒక వంకర పటం గీశారు. పేదరికం పటానికి పనికొచ్చింది.

2012 సెప్టెంబర్ 28న జే-జీ కచేరీతో అరీనా తెరుచుకుంది.

మరి ఇళ్లు? ప్రాజెక్టుకి మద్దతుగా నినాదాలిచ్చినవాళ్లలో నల్లజాతి పేదలు, నిర్మాణ కార్మికులు చాలామంది. ఉద్యోగాలు, ఇళ్లు, బాస్కెట్‌బాల్ అన్నది వాళ్ల ముందు పెట్టిన మాట. అద్దె ఇళ్లలో సగం తక్కువ అద్దెవి ఇస్తామని 2005లో మేయర్ సమక్షంలో ఒప్పందం రాసుకున్నారు. వాళ్లని అమాయకులనో, అమ్ముడుపోయారనో తీసిపారేసే వ్యాసాలు చాలా చదివాను. నాకు నచ్చలేదు. బ్రూక్లిన్‌లో అద్దెలు పెరుగుతున్నప్పుడు ఇల్లు అడగడంలో తప్పేముంది? వాళ్లకిచ్చిన కాగితంలో బలం లేదు, అంతే తేడా.

పదేళ్లన్న గడువు 2009 సవరణల్లో 2035 దాకా సాగింది. దావా పడుతుందన్న భయంతో 2014లో వెనక్కి వచ్చింది: 2,250 ఇళ్లు 2025 మే 31కి పూర్తవ్వాలి, లేకపోతే తక్కువపడ్డ ఒక్కో ఇంటికి నెలకి 2,000 డాలర్ల జరిమానా. అప్పటికి చైనా ప్రభుత్వ కంపెనీ గ్రీన్‌ల్యాండ్ ప్రాజెక్టులో 70 శాతం కొని, పేరు పసిఫిక్ పార్క్ అని మార్చింది. అదే కంపెనీ 2023లో ఈబీ-5 అప్పుల్లో దాదాపు 35 కోట్ల డాలర్లు ఎగ్గొట్టింది. మే 31 వచ్చేసరికి 870కి పైగా ఇళ్లు బాకీ. లెక్కప్రకారం జరిమానా నెలకి 17 లక్షల డాలర్ల పైమాటే. రాష్ట్రం ఆ రోజున వసూలు మొదలుపెట్టలేదు. గట్టిగా పట్టుబడితే కొత్త డెవలపర్ రాడని వాదన. బాండ్ల విషయంలో ఇలాంటి వాదన ఎవరూ చేయలేదు.

ఆ ప్రాంతం పాడుబడిందనడానికి మొట్టమొదట చూపించిన రుజువు రైలు యార్డు. ఊరి మధ్య గొయ్యిలా ఉంది, దాని మీద కప్పు వేసి ఇళ్లు కడతామన్నారు. అరీనా కిందికి వెళ్లిన పడమటి భాగం పోగా మిగతా యార్డు మీద ఆరు టవర్లు రావాలి. ఆ గడువు రోజుకి కూడా కప్పు పని మొదలవలేదు. అరీనా వెనకాల యార్డు ఎప్పటిలాగే తెరుచుకుని ఉంది, అందులో రైళ్లు నిలిపి ఉంటాయి.