దవడ కీలునకు మెత్తని యతుకు



తలుపునకు బందు ఎట్టిదో నోటికి దవడ కీలట్టిది. చెవికి ముందు వ్రేలుంచి నోరు తెరచి మూసినచో దాని కదలిక తెలియును. నోరు తెరువరాని బిగువును మన వైద్యగ్రంథములు హనుగ్రహమని పేర్కొని వాతవ్యాధులలో చేర్చినవి. ధనుర్వాతమున కలుగు బిగువు వేఱు; కీలులోని యెముకలే యొకదానితో నొకటి అతుకుకొనుట వేఱు. నేడు నేను చెప్పబోవునది ఈ రెండవదానికి శస్త్రవైద్యులు కనుగొనిన యుపాయము యొక్క చరిత్ర.

మా అల్లాదుర్గము వంటి యూళ్లలో పిల్లలు చెట్లెక్కక మానరు. పడినపుడు గడ్డము నేలకు కొట్టుకొన్నచో, గాయము గడ్డముననే కనబడినను ఆ తాకుడు చెవియొద్ద కీలునకు పోవును. లోన నెత్తురు గడ్డకట్టి క్రమముగా ఎముకగా మారవచ్చును. చెవిలోని చీము లోనికి వ్యాపించినను ఇట్లు జరుగుట కలదు. అంతట బిడ్డ నమలలేడు, దవడ పెరుగదు, గడ్డము వెనుకకు పోవును, నిద్రలో ఊపిరి సరిగా ఆడదు.

ఎముకను కోసి విడదీసిన చాలదా యందురేమో. చాలదు. విరిగిన కాలిని అతికించు ప్రకృతియే యిచ్చట పగయగును. కోసిన రెండు మొనలును మరల కలిసికొనును. 1840లో న్యూయార్కు నగరమున కార్నోకన్ అను వైద్యుడు ఆ యెడమున చిన్న కొయ్యముక్క నుంచెను. కొయ్య యొడలికి పరాయిది గదా! 1860లో ఫ్రాన్సు దేశీయుడు వెర్నోయ్ మెత్తని శరీరధాతువునే అడ్డుపెట్టవలెనని సూచించెను. ఆ శతాబ్దపు తుది దశకమున జర్మనీలో హెల్ఫెరిక్ కణత కండరమునుండి ఒక పాయను, మొదలు తెగకుండ క్రిందికి త్రిప్పి, ఎముకల నడుమ పఱచెను. 1914లో చికాగో వైద్యుడు మర్ఫీ ఇట్టి చికిత్సను వివరించి ప్రకటించెను.

మొదలు తెగకుండుటయే యిందలి కీలకము. పాదులోని తీగను పెరుకక ప్రక్క పందిటికి మరల్చినట్లు, నెత్తురు ప్రసరించుచున్న మాంసము క్రొత్తచోటను బ్రదుకును. సుశ్రుతుడు తెగిన చెవితమ్మెకు చెంప మాంసమును అనుబంధము తెగకుండ తెచ్చి కూర్పుమనెను. పూనాలో నుదుటి చర్మముతో ముక్కు చేసిన వృత్తాంతము 1794లో లండను పత్రికలో అచ్చయ్యెను. 1814లో కార్ప్యూ అను వైద్యుడు అచ్చట నదే విధము ననుసరించెను. ముక్కు మాటకు ఈ సాక్ష్యము కలదు. హెల్ఫెరిక్ సుశ్రుతుని చదివియే దవడకు కండరము త్రిప్పెనని మాత్రము నేననను. అది మన కోరికయే గాని చరిత్ర గాదు.

మఱియొక చిక్కు కలదు. నోరు తెరువని వానికి మత్తు ఇచ్చుటెట్లు? మత్తులో నాలుక వెనుకకు జారినచో పట్టి లాగుటకును దారి లేదు. మత్తునందలి ఊపిరిని గూర్చిన పెద్ద విచారణ మన హైదరాబాదుననే జరిగినది. 1888, 1889 సంవత్సరములలో నిజాము మహబూబ్ అలీఖాను పోషణమున, డాక్టరు లారీ నడపిన క్లోరోఫారము సంఘములు నాడిని గాక ఊపిరిని కనిపెట్టుడని చెప్పినవి. క్లోరోఫారము గుండెను నేరుగా చెఱుపదన్న వారి మాట 1911 నాటి లీవీ పరిశోధనలచే తప్పని తేలెను. మొదటి మహాయుద్ధానంతరము ఇంగ్లండున మేగిల్ ముక్కుగుండ శ్వాసనాళములోనికి గొట్టము పంపు విధమును వృద్ధిచేసెను. దానితో ఈ శస్త్రమునకు దారి సుగమమయ్యెను.

నేడు కణత కండరముతోపాటు దాని పైపొర, పొట్ట కొవ్వు, లోచర్మము కూడ వాడుదురు. పెరుగు పిల్లలకు పక్కటెముక ముక్కను దాని మృదులాస్థితో సహా అమర్చుట కలదు. అతుకెట్టిదైనను అదియొక్కటియే కీలును కాపాడదు. శస్త్రమైన కొలది దినములకే ఆరంభించి, నెలల తరబడి, దినమునకు పలుమార్లు నోరు సాగదీయు అభ్యాసము చేయింపవలెను. అది నొప్పి. బిడ్డ యేడ్చును. ఇంటిలోని అవ్వయో తాతయో జాలిపడి, “పోనీవమ్మా, రేపు చేయించవచ్చును” అందురు. అట్లు మానినచో కీలు మరల బిగిసి, రెండవసారి కత్తికి పోవలసివచ్చును. రెండవ కోత మొదటిదానికంటె కష్టము. ఆ ప్రక్క కణత కండరము అప్పటికే ఖర్చయి యుండును.