చౌక గాలి సెన్సార్లు

బాల్కనీ కమ్మీకో, ఇంటి గోడకో తగిలించి, ఆ వీధి గాలిలో ధూళి ఎంతుందో నిమిషాల్లో చెప్పే చిన్న పరికరాలివి. ప్రభుత్వ కేంద్రాల్లోని ప్రామాణిక యంత్రాలు లక్షల ఖరీదు చేస్తాయి. అందుకే ఊరికి కొన్నే ఉంటాయి. పక్క సందులో చెత్త తగలబెడితే వాటికి తెలియకపోవచ్చు.

సెన్సార్ల కంటే ముందు బకెట్టు వచ్చింది. 1990ల మధ్యలో కాలిఫోర్నియాలో చమురుశుద్ధి కర్మాగారాల పక్కన కాపురముండేవాళ్లు, ప్లాస్టిక్ బకెట్లో అమర్చిన సంచిలోకి గాలి పట్టి ప్రయోగశాలకు పంపడం మొదలుపెట్టారు. 2004లో తమిళనాడులోని కడలూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడ చుట్టూ ఉన్న పల్లెలవాళ్లూ అదే దారి పట్టారు. ‘కంపు భరించలేకపోతున్నాం’ అన్న మొరకు తోడుగా, ఏ రసాయనం ఎంతుందో చెప్పే కాగితం వాళ్ల చేతికొచ్చింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే.

అయితే బకెట్టుకు చిక్కేది ఆ కాసేపటి గాలే. రోజంతా కొలవాలంటే చవకైన లేజర్ సెన్సార్లు రావాల్సి వచ్చింది. కిటికీలోంచి పడే ఎండచారలో దుమ్ము మెరవడం అందరం చూసిందే. సెన్సార్ చేసే పనీ అదే. చిన్న ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది, లేజర్ కిరణం తగిలి కణాలు మెరుస్తాయి, ఆ మెరుపును బట్టి ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఎన్ని మైక్రోగ్రాములో అంచనా కడుతుంది. ధూళిని తూచదు.

2015లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ‘లుఫ్ట్‌డాటెన్’ అనే పౌరుల ప్రాజెక్టు మొదలైంది. రెండు డ్రైనేజీ ఎల్బోలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, లోపల సెన్సార్ పెట్టి, వానకు తడవకుండా ఎవరి ఇంటికి వాళ్లు కట్టుకున్నారు. అదే ఏడాది అమెరికాలోని యూటాలో, ఇంటి దగ్గరి కంకర క్వారీ దుమ్ము సంగతి తేల్చుకోవాలని ఏడ్రియన్ డిబ్‌వాడ్ ‘పర్పుల్ ఎయిర్’ అనే సెన్సార్ల సంస్థను ప్రారంభించారు. అందులో వాడిన సెన్సార్లు సన్నటి పొగను బాగా పడతాయి, క్వారీలో లేచే ముతక దుమ్మును సరిగా పట్టలేవు.

తేమతో మరో చిక్కు. కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బితే అంకె పెరిగిపోతుంది. అందుకే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ సెన్సార్లను ప్రామాణిక యంత్రాల పక్కనే ఉంచి పోల్చింది. ముడి అంకెను దాదాపు సగానికి తగ్గించి, తేమను బట్టి సరిచేసే సూత్రం కట్టింది. 2020 కార్చిచ్చుల వేళ పౌరుల సెన్సార్లు ప్రభుత్వ పొగ పటంలోకి ఎక్కాయి. పోల్చి సరిచేయని సెన్సార్ అంకెను పట్టుకుని వాదనకు దిగకూడదు.

హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ పరిశోధకులు, ముందుగా ఇలా సరిచూసుకున్నాకే, నగరంలో 49 పరికరాలు పెట్టారు.

అమెరికాలో ఈ సెన్సార్లు ఎక్కువగా కలిగినవాళ్ల పేటల్లోనే ఉన్నాయని అధ్యయనాలు తేల్చాయి. కొనుక్కోగలిగినవాళ్లే పెట్టుకుంటే జరిగేది అదే. ఐఐటీ కాన్పూర్ చేపట్టిన ‘అమృత్’ ప్రాజెక్టు ఇందుకు భిన్నంగా ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో బ్లాకుకొకటి చొప్పున సెన్సార్లు పెట్టించింది. కట్టెల పొయ్యి పొగ, పొలాల్లో కాల్చే మోళ్ల పొగ కలిసే పల్లె గాలికి అలా రోజువారీ లెక్క మొదలైంది.