డిమెన్షియా ముప్పు తగ్గాలంటే.. రెండు భాషలు, నలుగురితో మాటలు!

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలోని తీర గ్రామం డొంకూరు. ఒడిశా బోర్డర్ దగ్గరే కావడంతో ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు ఒడియా కూడా వినిపిస్తుంది. రెండు భాషలూ మాట్లాడే పెద్దవాళ్లు చాలామందే ఉంటారు. ఈ అలవాటు మెదడుకు మేలు చేస్తుందా? చేసే అవకాశం ఉందంటోంది హైదరాబాద్ నిమ్స్‌లో జరిగిన ఓ అధ్యయనం.

నిమ్స్ స్టడీలో ఏం తేలింది?

న్యూరాలజిస్ట్ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలు పరిశీలించింది. ఫలితాలు 2013లో 'న్యూరాలజీ' జర్నల్‌లో వచ్చాయి. ఒకే భాష తెలిసినవారి కంటే, రెండు అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువుకోని వారిలోనూ ఈ తేడా కనిపించింది. అలాగని భాషలు వస్తే జబ్బు రాదని కాదు. మాట మార్చినప్పుడల్లా మెదడుకు పని పడుతుంది, ఆ కసరత్తే కలిసొస్తుందని అంచనా.

సగం వరకూ మన చేతుల్లోనే

లాన్సెట్ కమిషన్ 2024 రిపోర్ట్ ప్రకారం 14 రిస్క్‌లను అదుపు చేస్తే దాదాపు 45 శాతం కేసులను ఆపొచ్చు లేదా వాయిదా వేయొచ్చు. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, వినికిడి లోపం, చూపు తగ్గడం, పొగ, అతిగా మద్యం, డిప్రెషన్, ఒంటరితనం అందులో ఉన్నాయి.

ఉద్దానంలో ఇవి మరీ ముఖ్యం

* ఒంటరితనం: కొడుకులు చేపల వేటకు గుజరాత్ వరకు, కూలి పనులకు వేరే రాష్ట్రాలకు వలస వెళ్తుంటారు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లే. రోజూ ఒక వీడియో కాల్ చేయండి. 'తిన్నావా' అని అడిగి పెట్టేయకుండా పాత సంగతులు చెప్పించండి. రచ్చబండకో, గుడికో, భజనకో వెళ్లనివ్వండి.
* బీపీ: ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. బీపీ అదుపు తప్పితే కిడ్నీకీ, మెదడుకూ దెబ్బే. ఉప్పు చేప, ఊరగాయ తగ్గించాలి. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ని అడగకుండా నొప్పి మాత్రలు వేసుకోవద్దు.
* చుట్ట: తీర గ్రామాల్లో కొందరు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు ఉంది. నోటి క్యాన్సర్ ముప్పే కాదు, పొగాకు మెదడుకూ చేటే.
* చెవి, కన్ను: 'వయసైపోయింది, వినపడదులే' అని వదిలేయొద్దు. మాట వినపడకపోతే మనిషి నలుగురిలో కలవడం మానేస్తాడు. మిషన్ పెట్టించడం, శుక్లాల ఆపరేషన్ వాయిదా వేయకూడదు.
* నడక: కాలు సాగినంత వరకు రోజూ నడిపించండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరకు?

అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన దారి తప్పడం, డబ్బు లెక్కలో తికమక పడటం, ఉన్నట్టుండి స్వభావం మారడం కనిపిస్తే 'చాదస్తం' అని కొట్టిపారేయొద్దు. బీ12 లోపం, థైరాయిడ్ వల్ల వచ్చే మతిమరుపు చాలావరకు మందులతో తగ్గుతుంది. అందుకే ముందు టెస్టులు అవసరం.

పెద్దవాళ్లకు సాయం, సలహా కావాలంటే ఎల్డర్ లైన్ టోల్ ఫ్రీ నంబర్ 14567కు కాల్ చేయొచ్చు.