తుపాకియుఁ బందికొక్కును: చిన్న తుపాకుల చరిత్ర

తెలుఁగుభాషలోనికి వచ్చిన పదమొకటి, తెలుఁగుభాషనుండి పోయిన పదమొకటి, ఈ రెండింటిని కలిపి పరిశీలించినచో ఒక చిన్న యాయుధముయొక్క దీర్ఘచరిత్ర బయలుపడును. వచ్చిన పదము తుపాకి. పోయిన పదము పందికొక్కు. మొదటిది తురుష్కభాషయందుఁ బుట్టి పారసీకముయొక్క సంపర్కముచే దక్షిణాపథమునకు చేరినది. రెండవది ఇంగ్లీషువారి నోటఁ బడి 'బాండికూట్' అయి, సముద్రమును దాటి, ఆస్ట్రేలియాఖండమున ఎలుకజాతితో నే సంబంధమును లేక పొట్టసంచిలోఁ బిల్లలను మోయు వేఱొక మృగమునకు సైతము పేరైనది. ఒకటి చంపు సాధనము. మఱియొకటి చంపఁదగినదని జనులు తలఁచు జంతువు. ఈ రెండు పదములును ధాన్యపుఁ గొట్టములో నొకదానికొకటి యెదురైనప్పుడు గెలుపు దేనిదో చెప్పుటయే యీ వ్యాసమునకు విషయము.

తుపాకి యనఁగానే నేఁడు మందు, నిప్పు, ధ్వని తలంపునకు వచ్చును. పదముయొక్క మూలార్థమున నీ మూఁడును లేవు. క్రీ. శ. 1070 ప్రాంతమున మహమూదు కాశ్గరీ యను పండితుఁడు బాగ్దాదునందు రచించిన తురుష్కభాషానిఘంటువున 'తువెక్' అను శబ్దము కలదు. చెట్టుయొక్క పచ్చిబెరడును గొట్టమువలె నూడఁదీసి, అందు చిన్నయుండ నుంచి, ఊది పిచ్చుకలవంటి చిఱుతపక్షులను కొట్టు సాధనమునకది పేరు. అప్పటికి మందుతుపాకి లోకమున వ్యాపింపలేదు. తరువాతఁ గొన్ని శతాబ్దులకు ఇనుపగొట్టమున మందుకూరి గుండు పేల్చు యంత్రము వచ్చినప్పుడు, ఆకారసామ్యమునుబట్టి పాతపేరు కొత్తదానికి సంక్రమించెను. తురుష్కమున తుఫెక్, పారసీకమున తుఫంగ్, హిందీయందు తుపక్, తెలుఁగు కన్నడములందు తుపాకి యను రూపము లేర్పడెను. కావున తుపాకి మొదటినుండియు గాలితుపాకియే. మందుతుపాకి యా పేరును తనదిగాఁ జేసికొనుటచే, అసలు హక్కుదారునకు 'గాలి' యను విశేషణమును తగిలింపవలసివచ్చినది.

గాలిని ఆయుధముగా మలఁచు ప్రయత్నము గ్రీకులకు సైతము తెలియును. క్రీస్తునకు పూర్వము మూఁడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియానగరమునందున్న క్టెసిబియస్ అను శిల్పి, కంచుగొట్టములలో గాలి నదిమి దాని వేగముచే రాళ్లను విసరు యంత్రమును కల్పించినట్లు బైజాంటియమువాఁడైన ఫైలో వ్రాసియున్నాఁడు. ఆ యంత్రము యుద్ధభూమిని చూచినట్లు కానరాదు. గాలితుపాకి నిజముగా సైన్యమున ప్రవేశించినది పదునెనిమిదవ శతాబ్ది చివరనే. టిరోలుదేశీయుఁడైన గిరార్డోని నిర్మించిన గాలితుపాకిని ఆస్ట్రియాసైన్యము 1780 ప్రాంతమున స్వీకరించెను. దాని పిడియే ఇనుపతిత్తి. చేతిపంపుతో ఇంచుమించు 1500 మాఱులు కొట్టి యా తిత్తిని గాలితో నింపవలెను. ప్రక్కగొట్టమున ఇరువదివఱకు సీసపుగుండ్లు పట్టును. పొగలేదు, వానకుఁ దడిసి చెడు మందు లేదు, ఒక గుండు వెంట మఱియొక గుండును క్షణములలో వేయవచ్చును. అయినను తిత్తులు కాఱుటయు, మరమ్మతు తెలిసిన పనివారు దొరకకపోవుటయు, నింపుట కగు శ్రమయు దానికి శత్రువులైనవి. 1815 నాఁటికి సైన్యమున దాని వాడుక ముగిసెను. 1803 మొదలు 1806 వఱకు అమెరికా పడమటిభాగమును శోధింపఁబోయిన లూయిస్, క్లార్కులు ఒక గాలితుపాకిని వెంటఁగొనిపోయి, దారిలోని తెగలవారికిఁ జూపి విస్మయమును గలిగించిరి. చంపుటకన్న చూపుటకే అది యెక్కువగా నుపయోగపడినది.

యుద్ధమున నిలువలేని గాలితుపాకి పెరటిలోనికి దిగివచ్చి స్థిరపడెను. ఈ మార్పునకు ముఖ్యకారణము స్ప్రింగు. నింపియుంచిన గాలికి బదులు, గట్టి ఉక్కుచుట్టను మీటతో నొక్కిపట్టి యుంచుదురు. గుఱి చూచి వ్రేలితో విడిచినంతనే చుట్ట ముందునకు దూఁకి దట్టమును త్రోయును. దట్టము గొట్టములోని గాలిని ఒక్కక్షణమున నదుమును. ఆ యదుము చిన్న సీసపుగుండును వెడలఁగొట్టును. నిలువయుంచిన గాలి లేదు కావున కాఱుపోవు భయము లేదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ప్లిమత్ పట్టణమునందు రైతులకు ఇనుపగాలిమరల నమ్ము సంస్థ యొకటి 1888 ప్రాంతమున, గాలిమర కొన్నవారికి చిన్న గాలితుపాకిని కానుకగా నిచ్చెను. గాలిమరకన్న కానుకకే గిరాకి పెరిగెను. 1895లో ఆ సంస్థ గాలిమరలను విడిచి, డెయిసీ యను తుపాకిపేరునే తనపేరుగాఁ జేసికొనెను. ఇంగ్లాండున బర్మింగ్‌హాము పట్టణస్థుఁడైన లింకన్ జెఫ్రీస్ కల్పించిన గాలితుపాకిని 1905 మొదలు బి. ఎస్. ఏ. సంస్థ నిర్మింపసాగెను. అంగుళములో 0.177, 0.22 పాళ్లు, అనఁగా సుమారు 4.5, 5.5 మిల్లీమీటర్ల వ్యాసముగల గుండ్లు అప్పటినుండి ప్రసిద్ధములైనవి.

ఈ గాలితుపాకికి తోఁబుట్టువులనఁదగిన చిన్న మందుతుపాకులును కలవు. 1845లో పారిసునగరమున ఫ్లోబర్ అనువాఁడు, పేలుడుటోపికి చిన్నగుండును తగిలించి, చావడిలో గుఱి నభ్యసించుటకుఁ దగిన తూటాను కల్పించెను. ఆ జాతినుండియే 9 మిల్లీమీటర్ల 'తోటతుపాకి' పుట్టెను. దాని తూటాలో సీసపు సన్నగుండ్లు మాత్రముండును. ఇంకొకటి 0.410 అంగుళపు గొట్టముగల సన్నతుపాకి. ఇంగ్లాండు ఫ్రాన్సుల రైతులు వీనిని ధాన్యపుఁగొట్టములందును పశువులకొట్టములందును వాడిరి. పెద్దతుపాకి యచ్చట పనికిరాదు. దాని గుండ్లు పైకప్పును తూట్లు పొడుచును. ధ్వనికి పశువులు బెదరును. గాలితుపాకికైతే గడ్డివామి దాపున సైతము నిప్పు భయము లేదు. దూలములమీఁదఁ జేరి ధాన్యమును తిని రెట్టతోఁ బాడుచేయు పావురములును, గాదెలక్రింద కన్నములు త్రవ్వు ఎలుకలును వీనికి లక్ష్యములు. వీనిని కల్పించినవారి యుద్దేశము సాధువైనదే. వాడుకయం దా యుద్దేశ మెంతవఱకు నెఱవేఱెనో విచారింపవలెను.

మొదట పావురముల మాట. పంటను కాచుకొనుటకు పావురమును కాల్చుట వేఱు. కాల్చుటకై పావురమును కొనితెచ్చుట వేఱు. పందొమ్మిదవ శతాబ్దిలో రెండవది ఘనమైన వినోదమాయెను. పెట్టెలో మూసిన పావురమును త్రాటితో విడిచి, ఎగిరినంతనే కాల్చుట ఆట. 1869లో లండనునందు స్థాపితమైన హర్లింగ్‌హాం క్లబ్బు ఈ వినోదమునకై పుట్టినదే. 1900లో పారిసునందలి విశ్వక్రీడల సందర్భమున జరిగిన పోటీలో బెల్జియందేశీయుఁడగు లియోన్ ద లుండెన్ 21 పావురములను కూల్చి గెలిచెను. అమెరికాలో నీ యాటకు 'బాటసారిపావురము' అను అడవిజాతిని వేలకొలఁది వలలతోఁ బట్టి తెచ్చిరి. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున నీ జాతిసంఖ్య 300 కోట్లకుఁ దక్కువకాదని పండితుల యంచనా. అడవులు నఱకఁబడుటయు, వలలును, తుపాకులును, వేఁటకాండ్రకు మందల జాడ తెలుపు తంతియు, చచ్చినపక్షులను నగరములకు మోయు రైలును గలిసి యా జాతిని నాశనముచేసెను. వానిలో కడపటిదగు మార్తా 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటినగరపు జంతుశాలలో మరణించెను. ఆ సిన్సినాటివాఁడే యగు జార్జి లిగౌస్కీ 1880లో పావురమునకు మాఱుగా ఎగురవేయు మట్టిబిళ్లకు హక్కుపత్రము పొందియుండెను. ఒకే నగరము మట్టిపావురమునకు పుట్టినిల్లు, నిజమైన పావురమునకు కాటిభూమి యయ్యెను. హర్లింగ్‌హామున 1905లో బ్రతికిన పావురములను కాల్చుట యాగెను. 1921లో ఇంగ్లాండున చట్టమే యా యాటను నిషేధించెను.

ఎలుకల కథ దీనికి విపరీతము. 1896లో బొంబాయిలో ప్లేగు ప్రబలెను. 1898లో పాల్ లూయీ సిమాన్ అను ఫ్రెంచివైద్యుఁడు కరాచీయందు, రోగము ఎలుకనుండి ఎలుకకును మనుష్యునకును సంక్రమించుట ఎలుక మేనిమీఁద బ్రతుకు రెక్కలులేని చిన్నపురుగు మూలమున నని పరీక్షచేసి చూపెను. భారతదేశమున తరువాతి యిరువది సంవత్సరములలో ప్లేగుచే చనిపోయినవారు కోటికి తక్కువ లేరు. అప్పటినుండి ఎలుకలసంహారము ప్రభుత్వకార్యములలో నొకటి యయ్యెను. ఇంగ్లాండున 1919లో ఎలుకల నాశనమును గూర్చి ప్రత్యేకచట్టమే వచ్చినది.

కాని ఎలుకతోడి యుద్ధమున తుపాకి యెన్నఁడును ముఖ్యాయుధము కాలేదు. కారణము లెక్కలో నున్నది. ఆడుఎలుక మూఁడు వారములు గర్భము మోసి యీనును. ఆ పిల్లలు కొలఁదినెలలకే యీనుటకు సిద్ధమగును. ఉదాహరణమునకు, ఒక గాదెలో నూఱు ఎలుక లున్నవి, వానిలో నేఁబది యాడువి యనుకొనినచో, ఒక్కొక్కటి ఆఱేసి పిల్లలను పెట్టినను ఒక్క యీఁతకు 300 అగును. దీపము పట్టుకొని రాత్రియంతయు కాచుకొన్న తుపాకికాఁడు పదింటినో యిరువదింటినో చంపును. మిగిలినవానికి తిండియు చోటును మఱింత సమృద్ధిగా దొరకును. రెండవ ప్రపంచయుద్ధకాలమున చార్లెస్ ఎల్టన్ నాయకత్వమున ఆక్స్‌ఫర్డు పండితులు చేసిన పరిశోధన, కొంతభాగమును మాత్రమే చంపినచో ఎలుకలు త్వరలోనే పూర్వసంఖ్యకు వచ్చునని తేల్చెను. ఆ గ్రంథము 1954లో వెలువడెను. 1948 ప్రాంతమున వార్ఫరిన్ అను విషము ఎలుకలమందుగా వచ్చినప్పుడు సమస్య తీఱెనని తలఁచిరి. 1958లోనే స్కాట్లండున ఆ విషమునకు లొంగని ఎలుకలు కనిపించెను.

కృష్ణా గోదావరీమండలముల వరిచేలలో పందికొక్కు గట్లను తొలిచి, వెన్నులను కొఱికి, కన్నములలో ధాన్యమును దాఁచుకొనును. తుపాకి కచ్చట గుఱియే లేదు. శత్రువు భూమిలోపల నుండును. అచ్చటి యెఱుక మఱొకరిది. 1909లో థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథము యానాదుల పద్ధతిని వర్ణించుచున్నది. కుండలో గడ్డి కూరి నిప్పుపెట్టి, దాని నోటిని పందికొక్కుకన్నమునకు చేర్చి, కుండకున్న చిన్నరంధ్రమునుండి ఊది పొగను లోపలికిఁ బంపుదురు. ఊపిరాడక పందికొక్కులు తప్పించుకొన వెలువడఁగా వానిని కొట్టుదురు. చేనిని ఎఱిఁగినవారికే యీ విద్య పట్టువడును. పిచ్చుకను కొట్టుటకు తురుష్కుఁడు ఊదిన గొట్టము పెరిగి పెరిగి తుపాకి యాయెను. పందికొక్కును వెడలించుటకు యానాది యూదిన కుండ కుండగనే యుండెను. అయినను చేనిలో పనిచేసినది కుండయే.

ఇట్లు చూడఁగా చిన్నతుపాకియొక్క స్వభావము స్పష్టమగును. అది యెలుకకుఁ జాలదు, పిట్టకు మించును. ఎక్కడ సంహార మవసరమో అచ్చట దాని బలము లెక్కకు రాదు. ఎక్కడ నవసరము లేదో అచ్చట దాని చిన్నతనమే దోషమును కప్పిపుచ్చును. ధ్వని లేదు, పొగ లేదు, పిల్లవానిచేతి యాటవస్తువని పేరు. చట్టములు సైతము ఈ చిన్నతనమునే కొలిచినవి. బ్రిటనునందు 1969నాఁటి నియమములు గాలితుపాకిబలమునకు 12 అడుగుపౌనులు హద్దుగా నుంచెను. భారతదేశమున 2016నాఁటి ఆయుధనియమములు 20 జౌళ్ల బలమును 4.5 మిల్లీమీటర్ల గొట్టమును మించనిదానికి అనుమతిపత్రము అక్కఱలేదనెను. మనుష్యుని కెంత హాని యను ప్రశ్నకిది సమాధానము. పక్షి కెంత హాని యను ప్రశ్న దీనిలో లేదు. ఆ ప్రశ్నకు బదులు 1972నాఁటి వన్యప్రాణిరక్షణచట్టమునందు వెదకవలెను. ఆ చట్టపు ఐదవ యనుబంధమున ఎలుక హానికరజంతువులలోఁ జేర్పఁబడెను. 2022నాఁటి సవరణముచే ఆ యనుబంధమే తొలఁగింపఁబడెను.

చట్టము చేయలేనిపనిని ఒకచోట జనులే చేసిరి. అరుణాచలప్రదేశమున గాలితుపాకితో అడవిపిట్టలను కొట్టుట యింటింటి వాడుకగా నుండెను. 2021లో అటవీశాఖవారు, తుపాకులను స్వచ్ఛందముగా నప్పగింపుఁడని కోరిరి. మఱుసటి సంవత్సరమునకే వేయికి మించిన తుపాకులు వారిచేతికి వచ్చెను. అప్పగించినవారిలో తరతరముల వేఁటకాండ్రు కలరు.

తుపాకి యను పదము పచ్చిబెరడుగొట్టమున పిచ్చుకకై పుట్టినది. వేయేండ్లు తిరిగి, సైన్యములను సేవించి, మరల పిచ్చుకయొద్దకే వచ్చినది. పందికొక్కు మాత్రము తన కన్నములోనే యున్నది. పదముల బాటలో తుపాకి చాలదూరము నడిచినను, ఏ పనికై పెరటిలోనికి దింపఁబడెనో ఆ పనిని చేయలేకపోయినది. వలదన్న పనిని మాత్రము మిక్కిలి చక్కఁగా చేసినది. గట్టుమీఁద కుండ పట్టినవాని యూపిరికిని, చెట్టునీడ గుఱి చూచువాని యూపిరికిని గల భేదమింతయే.