పచ్చచుక్క పుట్టుక, 631 తెచ్చిన తంటా

హైదరాబాద్ ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో ఉంటూ కోచింగ్‌లకు తిరిగే శాకాహారి పిల్లలు సూపర్ మార్కెట్లో ఎక్కువసేపు ఆగరు. మసాలా నూడుల్స్ అయినా, చిప్స్ అయినా, ఇన్‌స్టంట్ ఉప్మా అయినా పచ్చచుక్క కనిపిస్తే చాలు, బుట్టలో వేసుకుంటారు.

నిజానికి ముందు పుట్టింది గోధుమరంగు చుక్క. 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నిబంధనలను 2001 ఏప్రిల్‌లో సవరించి, మాంసాహారానికి ఆ గుర్తు తప్పనిసరి చేశారు. శాకాహారానికి పచ్చచుక్క అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. దానికీ కొలతలున్నాయి: చిన్న ప్యాకెట్ మీదైనా చుక్క అడ్డకొలత 3 మి.మీ.కు తగ్గకూడదు, చుట్టూ ఉన్న చదరం భుజం దానికి రెట్టింపు ఉండాలి. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు మాంసాహార గుర్తును త్రిభుజంగా మార్చాయి. రంగులు పోల్చుకోలేనివాళ్లకూ ఇప్పుడు ఆకారాన్ని బట్టి తేడా తెలుస్తుంది.

చిక్కంతా ప్యాకెట్ వెనకవైపుంది. పదార్థాల జాబితా చివర, మసాలా పొడి వివరాల్లో సన్నటి అక్షరాలతో ‘ఫ్లేవర్ ఎన్‌హాన్సర్ (627, 631)’ అని ఉంటుంది. 631 అంటే డైసోడియం ఇనోసినేట్. దీని మూలమైన ఇనోసినిక్ ఆమ్లాన్ని 1847లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ మాంసరసంలో గుర్తించాడు. ఎండబెట్టిన బోనిటో చేపకు ఆ రుచి దీనివల్లే వస్తోందని 1913లో జపాన్ శాస్త్రవేత్త కొడామా తేల్చాడు. రుచి పెంచే మరో పదార్థమైన గ్లుటమేట్‌తో కలిస్తే చిటికెడు కూడా నాలుకకు గట్టిగా తగులుతుంది. అందుకే మసాలా కంపెనీలకు ఇదంటే అంత మోజు.

దీన్ని మాంసం నుంచో చేప నుంచో తీయొచ్చు. పిండిపదార్థాలను సూక్ష్మజీవులతో పులియబెట్టీ చేయొచ్చు. ఎలా చేసినా నంబరు మాత్రం 631 ఒక్కటే. రామ్ గౌ రక్షా దళ్ అనే సంస్థ ఈ సంగతి మీదే ఢిల్లీ హైకోర్టుకెక్కింది. పదార్థం ఎంత కొంచెమైనా సరే, కోడ్ నంబరుతో సరిపెట్టకుండా అది మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ప్రయోగశాలలో తయారైందా చెప్పాల్సిందేనని 2021 డిసెంబరులో కోర్టు ఆదేశించింది.

కాబట్టి 631 కనిపించగానే ప్యాకెట్‌ను విసిరికొట్టక్కర్లేదు. పచ్చచుక్క కూడా ఉంటే, ఆ సరుకు జంతువు నుంచి రాలేదని కంపెనీ చట్టం ముందు పూచీ పడ్డట్టే. కాకపోతే అది చట్టం గీసిన గీత వరకే. గుడ్డు ఆ గీతకు అవతల. పాలు, తేనె, లక్క పురుగు ఇచ్చే లక్క ఇవతల. ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇంటివాళ్లకూ, పాలు మానేసినవాళ్లకూ చుక్క చాలదు. వాళ్లు ప్యాకెట్ తిప్పి జాబితా చదువుకోవాల్సిందే.