లినక్స్‌లో ఆడియో–మిడి సమకాలీకరణ

లినక్స్ కంప్యూటర్‌లో మైకు నుంచి వచ్చే శబ్దాన్నీ, కీబోర్డు వంటి వాద్యాలు పంపే మిడి సంకేతాలనూ ఒకే కాలమానంపై రికార్డు చేసే పద్ధతి. 1983లో వెలువడిన మిడి ప్రమాణం శబ్దాన్ని మోయదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా అన్న సమాచారాన్నే సెకనుకు 31,250 బిట్ల వేగంతో చేరవేస్తుంది. మిడి గడియారం క్వార్టర్ నోటుకు 24 స్పందనలు పంపుతుంది. అక్షరానికొక క్వార్టర్ నోటు చొప్పున, 8 అక్షరాల ఆదితాళం ఒక ఆవర్తనానికి 192 స్పందనలు.

సౌండ్‌కార్డును లినక్స్ కేంద్రభాగమైన కెర్నెల్‌లోని అల్సా అనే వ్యవస్థ నడుపుతుంది. పాల్ డేవిస్ రూపొందించిన జాక్ సర్వర్ ప్రోగ్రాములన్నిటినీ ఒకే కాలస్థానంలో నిలుపుతుంది. ఆయనే మొదలుపెట్టిన ఆర్డర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాములో రెండు రకాల ట్రాకులూ పక్కపక్కనే నమోదవుతాయి. అసలు చిక్కు ఆలస్యంతోనే. సెకనుకు 48,000 నమూనాల రేటు వద్ద 128 నమూనాల బఫరు (తాత్కాలిక నిల్వ) నిండటానికి సుమారు 2.67 మిల్లీసెకన్లు పడుతుంది. బఫరును తగ్గిస్తే ఆలస్యం తగ్గుతుంది, శబ్దం తెగే ముప్పు పెరుగుతుంది. 2024లో వచ్చిన 6.12 కెర్నెల్‌తో, ఈ ముప్పును తగ్గించే రియల్‌టైమ్ సదుపాయం ప్రధాన లినక్స్‌లో భాగమైంది.