ఆ ఫొటో ఏ చట్టం కింద తీశారు?

2021 మే 19. తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టి వారం. ముఖానికి మాస్కు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా వేస్తున్న రోజులు. హైదరాబాద్‌లో షహ్రాన్ మార్కెట్ దగ్గర సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పోలీసులు ఆపారు. ఆయన మామగారితో కలిసి ఇంటికి పోతున్నారు. మాస్కు తీయమన్నారు. ఎందుకని అడిగారు మసూద్, తీయనన్నారు. అయినా పోలీసు చేతిలో ట్యాబ్ లేచింది. ఫొటో పడింది. ఎందుకు తీశారో చెప్పినవాళ్లు లేరు.

మనలో చాలామందిమి అక్కడితో వదిలేస్తాం. పోలీసుతో మనకెందుకు గొడవ అనుకుంటాం. మసూద్‌కు మాత్రం ఆ ఫొటో వెంటాడింది. ఆయన ముస్లిం, పైగా పోలీసుల కన్ను ఎక్కువగా పడే జనం మధ్య పనిచేసేవారు. యంత్రం పొరబడి తన ముఖాన్ని ఏ నేరస్థుడి ముఖంతోనో జత చేస్తే? ఆ భయమే ఆయన చేత నగర పోలీసు కమిషనర్‌కు లీగల్ నోటీసు పంపించింది. తర్వాత ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం. 2022 జనవరి 3న ప్రధాన న్యాయమూర్తి సతీశ్‌చంద్ర శర్మ ధర్మాసనం ప్రభుత్వానికి నోటీసులిచ్చింది.

ఆయన అడిగింది నిజానికి ఒక్కటే. ఏ చట్టం కింద? అప్పుడు అమల్లో ఉన్నది 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం. అది అరెస్టయినవాళ్ల, శిక్షపడ్డవాళ్ల సంగతి చెప్పింది, దారినపోయే మనిషి గురించి కాదు. 2022లో దాని స్థానంలో వచ్చిన చట్టం ముఖం, కనుపాప, వేలిముద్రల వివరాలను 75 ఏళ్లు దాచుకోనిస్తుంది. అదీ ఎవరిని పడితే వారిని రోడ్డు మీద ఆపి ఫొటో తియ్యమని చెప్పలేదు. పోలీసుల టీఎస్‌కాప్ యాప్‌లోకి ముఖాన్ని పోల్చే సదుపాయం 2018 ఆగస్టులో చేరింది. ఆ యాప్ పాతబస్తీకే కాదు, దేవరకొండకూ జడ్చర్లకూ ఒకటే.

ఈ ప్రశ్నకు బలమిచ్చినవారు ఇంకో పెద్దమనిషి. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 86 ఏళ్ల వయసులో, 2012లో ఆధార్ మీద సుప్రీంకోర్టుకెక్కారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించకూడదు.

మన నల్లగొండ, పాలమూరులో ఈ గోప్యత సంగతి ఎక్కువగా వేలి దగ్గరే తేలుతుంది. రేషన్ దుకాణంలో వేలు, పింఛనుకు వేలు, బ్యాంకు మిత్ర దగ్గర వేలు. మట్టి తవ్వి, ఇటుకలు మోసి గీతలరిగిన వేలు మిషన్ మీద పెడితే "పడ్తలేదు, ఇంకో వేలు పెట్టవ్వా" అంటాడు డీలరు. ఆ అవ్వకు తన వేలిముద్ర ఎక్కడెక్కడికి పోయిందో ఎవరు చెప్పారు?

2018 జూన్‌లో బయటపడ్డ ధర్మపురి కేసు గుర్తు చేసుకోండి. సిమ్‌కార్డులమ్మే ఒక వ్యాపారి రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లోంచి భూమి దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో అచ్చుపోశాడు. వాటిని ఆధార్ మిషన్ మీద నొక్కి వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ దస్తావేజుల మీద వేలు పెట్టిన రైతులకు ఏమీ తెలియదు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలు పోతే ఏం మార్చుకుంటాం?

ఆధార్ వివరాల దుర్వినియోగం మీద మొదట్లో బాధితుడు కోర్టుకు పోవడానికే వీల్లేదు, ఆధార్ సంస్థే ఫిర్యాదు చేయాలి. ఇది తప్పని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న అంది. 2019 సవరణతో ఆ తలుపు మనిషికీ తెరుచుకుంది. వేలిముద్రతో ఖాతాలో డబ్బు పోతే 1930కి ఫోన్ చేయాలి. మూడు పనిదినాల్లోగా బ్యాంకుకూ చెప్పాలి. మూడోవాడి మోసమైతే, ఆ గడువులో చెప్పినవారి మీద నష్టం వేయరాదని రిజర్వ్ బ్యాంకు 2017లోనే ఆదేశించింది. ఎం-ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు, ఈ పని ఊళ్లో చదువుకున్న పిల్లలు పూనుకుని పెద్దలకు చేసిపెట్టాలి.

నాకు మింగుడుపడనిది నష్టపరిహారం. ఐటీ చట్టం 43ఎ సెక్షన్ కింద వేలిముద్రల వంటి వివరాలను అజాగ్రత్తగా ఉంచిన కంపెనీ నుంచి పరిహారం అడగొచ్చు. రాష్ట్ర ఐటీ కార్యదర్శే విచారణాధికారి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే ఆ సెక్షన్ పోతుంది. కొత్త చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, కానీ అది చేరేది కేంద్ర ఖజానాకు. వేలు పోగొట్టుకున్న అవ్వకు పైసా రాదు. ఇది అన్యాయం, పార్లమెంటు దీన్ని సవరించాలి. అంతదాకా ప్రభుత్వమే హద్దు దాటితే, మసూద్ నడిచినట్టు 226 అధికరణం కింద హైకోర్టు మెట్లెక్కడమే మనకున్న దారి.